పొయ్యి వెలిగినంతసేపు

థండర్ బే
ఫిబ్రవరి 17, సోమవారం

ఇర్యక్కా,

నేను నీకు చేత్తో ఉత్తరం రాసి పదిహేనేళ్లయినా అయి ఉంటుంది. కవరు మీద కోడి కెలికినట్టున్న నా రాత చూసి ఎవరో పోయారనుకుని ఉంటావు. ఎవరూ పోలేదు. కానీ కూర్చుని చదువు. ఫోన్లో చెబుదామంటే ఈ ఇంట్లో వేడిగాలి గొట్టాలు ఉన్నాయి చూడు, వంటింట్లో గుసగుసలాడినా పైన నా పిల్ల కైసా గదిలోకి పొల్లుపోకుండా చేరుతుంది. ఈమెయిల్ రాద్దామంటే, కంప్యూటర్లో కొట్టిన ప్రతి అక్షరాన్నీ రేపు కోర్టులో మీ ముందు పెడతారని లాయరమ్మ మొదటిరోజే హెచ్చరించింది. అందుకని ఈ కాగితం. చదివాక దీన్ని ఏం చేస్తావో నీ ఇష్టం.

నీ అఫిడవిట్ కాపీ శుక్రవారం నాకు చేరింది. "క్రిస్మస్‌కి రెండు వారాలు నేను ఆ ఇంట్లో ఉన్నాను. తండ్రీకూతుళ్ల కాల్స్‌కి నా చెల్లెలు ఐలా ఏనాడూ అడ్డుపడలేదు. ఆ సమయానికి వంటింట్లో తన పని తాను చేసుకునేది" అని రాసి కింద సంతకం పెట్టావు. అది చదివి లాయరమ్మ మురిసిపోయింది. "ఇరవయ్యేళ్లుగా స్కూలు బస్సు నడుపుతున్న మనిషి, ఒక్క ఫిర్యాదు లేదు. జడ్జిగారు ఈమె మాట నమ్మక ఇంకెవరి మాట నమ్ముతారు?" అంది. నాకు మాత్రం ఆ రోజు ముద్ద దిగలేదు. నువ్వు రాసినదాంట్లో అబద్ధం లేదక్కా. వంటింట్లో నా పని నేను చేసుకున్న మాట నిజమే. ఆ పనేమిటో ఇప్పుడు చెబుతాను.

మొదటినుంచీ చెప్పకపోతే నీకు అర్థం కాదు. మేం విడిపోయాక గార్త్ రెడ్ లేక్ గనిలో పనికి పోయాడు కదా. బుధవారం, ఆదివారం సాయంత్రం నాలుగింటికి కంప్యూటర్లో కూతురితో మాట్లాడుకోవచ్చని కోర్టు రాసిచ్చింది. పిల్ల తన గదిలో తలుపు వేసుకుని మాట్లాడాలి, నేను పక్కన ఉండకూడదు. నేనూ గార్త్ ఒకరికొకరం ఫోన్ చేసుకోకూడదు, ఏదున్నా లాయర్ల ద్వారానే. అంతా బాగానే ఉంది, ఇంటర్నెట్ పెట్టె ఉన్నదేమో కింద నేలమాళిగలో, పిల్ల గదేమో పైన ఇంటికప్పు కింద. ఈ పాత ఇంటి గోడల్లో పూత వెనక ఇనప జాలీ ఉంది, వైఫై మెట్లు కూడా ఎక్కదు. తీగ లాగుదామంటే ఇంటి ఓనరు గోడకి మేకు కొట్టినా ఊరుకోడు. అప్పుడు షాపతను రెండు తెల్ల డబ్బాలు నా చేతిలో పెట్టాడు. ఒకదాన్ని కింద సాకెట్లో గుచ్చి ఇంటర్నెట్ పెట్టెకి కలపాలి. రెండోదాన్ని పిల్ల గదిలో సాకెట్లో గుచ్చి కంప్యూటర్‌కి కలపాలి. మధ్యలో వేరే తీగ అక్కర్లేదు, గోడల్లో ఉన్న కరెంటు తీగలే ఇంటర్నెట్‌ని పైకి మోసుకుపోతాయన్నాడు.

మోసుకుపోయాయి, బుద్ధిపుట్టినప్పుడు. కాసేపు పనిచేసేది, కాసేపు చచ్చేది. కంపెనీ మనిషిని పిలిస్తే వచ్చి గంటసేపు ఉన్నాడు. ఆ గంటా అది బుద్ధిమంతురాలిలా పనిచేసింది. "ఏ లోపమూ లేదండీ, మీరే ఏదో నొక్కుతున్నారు" అని నన్ను తప్పుపట్టి పోయాడు. అతని బండి వీధి మలుపు తిరిగిందో లేదో మళ్లీ పోయింది. చివరికి పక్కింటి ఒలావి తాతని బతిమాలాను. నలభయ్యేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసిన మనిషి కదా. మెయిన్ బోర్డు మూత తీసి చూశాడు, పిల్ల గది చూశాడు, వంటింట్లోకి వచ్చి పొయ్యి మీద ఉడుకుతున్న బంగాళాదుంపల్ని చూసి పకపకా నవ్వాడు.

"మీ ఇంట్లో ఇంటర్నెట్‌కి ఆకలెక్కువమ్మా. పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతుంటే గానీ మెట్లెక్కదు."

"వేళాకోళం తర్వాత తాతా, ముందు సంగతి చెప్పు."

"ఇంట్లోకి కరెంటు రెండు ఫేజుల మీద వస్తుంది. నీ నేలమాళిగ ఒక ఫేజు మీద, పాప గది రెండోదాని మీద. పెద్ద కరెంటు పొయ్యి ఒక్కటే రెండిటినీ పట్టుకుని పనిచేసేది. అది వెలిగిందా, వంతెన వేసినట్టు. ఆరిందా, తీసేసినట్టు. బోర్డులో ఆ రెండిటినీ కలిపే ఇంత బిళ్ల బిగిస్తే ఈ గొడవే ఉండదు. బిగించెయ్యనా?"

అద్దె ఇల్లు, బోర్డు జోలికెందుకులే అన్నాను. అప్పటికి నా మనసులో ఏ దురుద్దేశమూ లేదు, నీమీద ఒట్టు. నాలుగు కొట్టగానే పెద్ద పొయ్యిని చివరికంటా తిప్పి, సూప్ ఉంటే సూప్, లేకపోతే ఉత్త నీళ్లు పెట్టేదాన్ని. సగానికి తిప్పితే అది ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, పైన బొమ్మ ముక్కలు ముక్కలవుతుంది. అందుకని చివరికంటా తిప్పాల్సిందే. క్రిస్మస్‌కి నువ్వొచ్చినప్పుడు "ఇంత వేడెందుకే, అడుగంటుతుంది" అని నన్ను తిడుతూ బఠాణీల సూప్ కలుపుతూ నిలబడ్డావు గుర్తుందా? ఆ గంటసేపూ ఆ తండ్రీకూతుళ్ల మాటలు తెగకుండా ఉన్నాయంటే అది నీ గరిటె చలవే. ఈ పొయ్యి సంగతి నీకూ చెప్పలేదు, కైసాకీ చెప్పలేదు.

ఇక అసలు మాట. జనవరిలో నువ్వు వెళ్లిపోయిన మర్నాటి ఆదివారం. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. పైనుంచి కైసా నవ్వు వినిపించింది. మామూలు నవ్వు కాదు, కడుపు పట్టుకుని, ఊపిరాడక, కాళ్లతో నేలని తన్నుతూ నవ్వే నవ్వు. వాళ్ల నాన్న వెళ్లాక నా దగ్గర ఆ పిల్ల ఒక్కసారి కూడా అలా నవ్వలేదక్కా. పొద్దున్నే లేపి, మంచు బూట్లు తొడిగి, లెక్కలు చేయించి, చలికి పగిలిన చేతులకి క్రీము రాసి పంపేదాన్ని నేను. నాకు దక్కేది "ఊ", "సరే", "తర్వాత". ఆయనగారు వారానికి రెండుసార్లు తెరమీద ప్రత్యక్షమై మూతి వంకర పెడితే చాలు, ఇల్లెగిరిపోతుంది. నా చెయ్యి పొయ్యి మరమీదకి పోయింది. తిప్పేశాను. పొయ్యి మీది ఎర్రటి తీగచుట్ట నల్లబడింది. పైన నవ్వు టక్కున ఆగింది. "నాన్నా? నాన్నా, వినపడుతోందా?" అని నాలుగుసార్లు పిలిచింది. కాసేపటికి మెట్లు దిగొచ్చి, బల్ల దగ్గర కూర్చుని, తల తెచ్చి నా భుజానికి ఆనించింది.

"కట్ అయిపోయిందమ్మా" అంది.

"అయ్యో" అన్నాను నేను. ఆ అయ్యో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది. అప్పుడు మాత్రం హాయిగా ఉంది, నీ దగ్గర దాచడం దేనికి. ఒక అరగంట నా పిల్ల నాకే సొంతమైంది.

అలా ఐదుసార్లు చేశాను. రెండోసారి మర దాకా వెళ్లి ఆగాను. ఐదోసారి ఆగలేదు.

సెప్టెంబరు నుంచి కైసా తన దగ్గరే ఉండాలని గార్త్ పిటిషన్ వేశాడని నీకు తెలుసు. నేను కాల్స్ తెంపుతున్నానన్నదే ఆయన వాదన. నవంబరు నుంచి ఇప్పటిదాకా ఇరవయ్యారు కాల్స్‌లో పదకొండు మధ్యలో తెగాయని తేదీలతో, నిమిషాలతో జాబితా ఇచ్చాడు. నేను తెంపినవి ఐదు. మిగతా ఆరూ కల్పించాడు. ఆ తేదీల్లో పొయ్యి చివరిదాకా వెలుగుతూనే ఉంది. కైసా కిందికి దిగి "అయిపోయిందమ్మా, నాన్నకి డ్యూటీ టైమైంది" అనే చెప్పింది. లాయరమ్మ ఆ ఆరింటినీ పట్టుకుంది. దొంగ జాబితా తయారుచేసిన మనిషని జడ్జి ముందు ఉతికి ఆరేస్తానంటోంది. నేను తలూపి వచ్చాను. వాయిదా మార్చి పదమూడున.

నీ అఫిడవిట్ లేకపోతే కైసా నాకు దక్కదు. అందుకే నీకు చెప్పకూడదనుకున్నాను, ఉండలేకపోయాను. తిట్టు. కానీ తిట్టేముందు ఒకటి చెప్పు, నువ్వైతే ఏం చేసేదానివి?

నీ చెల్లెలు
ఐలా


నిపిగన్
ఫిబ్రవరి 21

ఒసేయ్ ఐలా,

స్కూలు బస్సులో కూర్చుని రాస్తున్నాను. పిల్లల్ని దింపేశాను, రెండో ట్రిప్పుకి ఇంకా అరగంటుంది. హీటరు సరిగా పనిచెయ్యక వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఆ కోపం కూడా నీమీదే చూపిస్తాను, పడు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేనైతే ఏం చేసేదాన్నని కదా అడిగావు? ఒలావి బిళ్ల బిగిస్తానన్న రోజే బిగించుకుని ఊరుకునేదాన్ని. అద్దె ఇల్లట! ఎవరికి చెబుతావే ఆ కబుర్లు? ఆ పిల్ల నీ దగ్గర నవ్వట్లేదని ఏడుస్తున్నావు. నవ్వించడం చేతకాకపోతే నేర్చుకోవాలి గానీ, నవ్వేపిల్ల నోరు నొక్కుతారా? నన్ను ఆ గరిటె పట్టుకుని నిలబెట్టావు చూడు, అది నాకు ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంది. నేను ప్రమాణం చేసి సంతకం పెట్టినదాన్ని. ఈ ఊళ్లో వాళ్ల పిల్లల్ని నా బస్సు ఎక్కిస్తున్నారంటే అది నా మాట మీద నమ్మకమేనే.

ఇంకొకటి. గార్త్ తొందరపాటు మనిషి, నోటిదురుసు మనిషి, నీకు మొగుడిగా పనికిరాలేదు, అన్నీ ఒప్పుకుంటాను. కానీ మీ పెళ్లయిన కొత్తలో మా వాకిట్లో నా ట్రక్కుకి తన బండి తగిలించాడు, మర్చిపోయావా? చూసినవాళ్లు లేరు. లైటు కూడా పగల్లేదు. అయినా పడుకున్నదాన్ని లేపి, "వదినా, గీత పడింది" అని చేత్తో తడిమి చూపించాడు. అలాంటివాడు కూర్చుని తేదీలూ నిమిషాలూ కల్పించాడంటే నేను నమ్మను. అంత ఓపికా లేదు, అంత తెలివీ లేదు. మరి ఆ ఆరూ ఎవరు తెంపారు?

వచ్చే ఆదివారం నాలుగింటికి పొయ్యి చివరికంటా తిప్పి, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చో. కాల్ అయ్యేదాకా లేవకు. ఏం జరుగుతుందో చూసి నాకు రాయి.

నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. మార్చి పదోతారీకు దాకా ఆగుతాను. ఈలోగా నువ్వే నీ లాయరమ్మ దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పు. చెప్పలేదా, నేను బస్సు వేసుకుని వచ్చి చెబుతాను. చెల్లెలివి కాబట్టే అన్నాళ్లయినా ఆగుతున్నాను.

ఫోన్ చెయ్యకు. నీ గొంతు వింటే మెత్తబడిపోతాను.

ఇర్య


థండర్ బే
మార్చి 6, గురువారం

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఫిబ్రవరి ఇరవైమూడున ఏమీ జరగలేదు, కాల్ ఐదు దాకా సాగింది. ఆ వారమంతా గార్త్ మీద నా అనుమానం ఇంకా గట్టిపడింది. మొన్న ఆదివారం, మార్చి రెండున, మళ్లీ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గిన్నెలో నీళ్లు కుతకుతలాడుతున్నాయి. పొయ్యి చుట్ట నిప్పుకణంలా ఉంది. గొట్టంలోంచి గార్త్ గొంతు సన్నగా వినపడుతోంది, మాటలు తెలియట్లేదు గానీ ఏదో బుజ్జగిస్తున్నట్టుంది. నాలుగు దాటి ఇరవై నిమిషాలైంది. ఉన్నట్టుండి ఆ గొంతు సగంలో తెగిపోయింది.

నేను పొయ్యి వంక చూశాను. వెలుగుతూనే ఉంది. నా చేతుల వంక చూసుకున్నాను. ఒళ్లోనే ఉన్నాయి. "నాన్నా, వినపడుతోందా" అని పైనుంచి పిలుపు రాలేదు. కోర్టు కాగితం గుర్తుకొస్తూనే ఉంది, అయినా మెట్లెక్కి తలుపు తోశాను.

కైసా మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. తెల్ల డబ్బా సాకెట్లోంచి ఊడదీసి రెండు చేతుల్లో గట్టిగా పట్టుకుని ఉంది. నన్ను చూసి వీపు వెనక దాచుకుంది.

"అదెందుకు తీశావే?"

"వేడెక్కింది."

"అబద్ధం చెప్పకు కైసా."

"నువ్వు చెప్పొచ్చా?"

నేను మంచం అంచున కూర్చున్నాను. అది నా మొహంలోకి చూడకుండా, చాప మీద గీతలు గీస్తూ చెప్పుకుపోయింది. ఒలావి తాత వంటింట్లో చెప్పిన మాటలు ఆ రోజే గొట్టంలోంచి మొత్తం విందట. పొయ్యి వెలిగితే నాన్న, ఆరితే లేడు. దానికి మొదటినుంచీ తెలుసు. నేను మర తిప్పిన ప్రతిసారీ తెలుసు. తెలిసే కిందికి వచ్చి నా భుజం మీద తల పెట్టుకుంది.

"నాన్నతో చెప్పావా?"

"చెప్తే నిన్ను కోర్టులో తిడతారుగా."

"మరి నువ్వెందుకు తెంపుతున్నావమ్మా?"

ఆ పిల్ల ఏమందో యథాతథంగా రాస్తున్నాను అక్కా, ఒక్క మాట కూడా నా సొంతం కాదు. "నువ్వేమో నేను నవ్వేటప్పుడు ఆర్పుతావు. నాన్న అది అడిగేటప్పుడు ఆర్పవు. అందుకే నేనే తీసేస్తున్నాను."

అదంటే ఏదని అడిగాను. "నాన్నేమో, నీ గదికి రంగు వేశాను, జడ్జిగారు అడిగితే నాన్న దగ్గరే ఉంటానని చెప్తావు కదా బంగారం అని అడిగాడు. ఇంతకుముందు కూడా ఆరుసార్లు అడిగాడు." ఆ వెంటనే, "నువ్వు కూడా అడుగుతావు. తినేటప్పుడు. నాన్న ఏమన్నాడు, నువ్వేం చెప్పావు అని. కట్ అయిపోతే ఇద్దరికీ ఏం చెప్పక్కర్లేదు" అంది.

దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. అది మాత్రం ఏడవలేదు. తొమ్మిదేళ్ల పిల్ల, పెద్దదానిలా నా వీపు నిమిరింది. కింద గిన్నెలో నీళ్లన్నీ ఆవిరై అడుగు మాడిన వాసన వస్తే, "అమ్మా, పొయ్యి" అని అదే గుర్తుచేసింది.

మంగళవారం లాయరమ్మ దగ్గరికి వెళ్లి నా ఐదూ ఒప్పుకున్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. కేసు పోయినట్టేనంది. నేను బుర్ర లేకుండా, గార్త్ అబద్ధం ఆడలేదని తేలాలి కదా అని కైసా సంగతి కూడా చెప్పేశాను. చెబుతుండగానే ఆవిడ కళ్లలో వెలుగొచ్చింది.

"ముందే చెప్పరేం? పిల్లే తండ్రి కాల్ తెంపుకుంటోందంటే ఇంకేం కావాలండీ! పిల్లల్తో మాట్లాడడానికి కోర్టు తరపున ఒకావిడ వస్తుంది. పాప ఆ ముక్క ఆవిడతో చెబితే చాలు. మీ ఐదూ ఎవరికీ గుర్తుకూడా ఉండవు."

"ఆవిడ దాన్ని ఏమడుగుతుంది?"

"మామూలే. తండ్రితో మాట్లాడ్డం ఇష్టమా, ఎవరి దగ్గరుంటావు, ఎందుకు."

ఆ ప్రశ్న తప్పించుకోవడానికే ఆ పిల్ల గోడలోంచి ప్లగ్గు పీకింది. ఇప్పుడు దాన్ని ఒక గదిలో కూర్చోబెట్టి అదే ప్రశ్న మూడోమనిషి చేత అడిగిస్తే నేను గెలుస్తాను. ఒక్క నిమిషం, నిజం చెబుతున్నాను, ఒక్క నిమిషం నాకు ఆశ పుట్టింది. కైసా నా దగ్గరే ఉండిపోతుంది. ఈ జన్మకి నాకు కావలసింది అంతే. ఆ నిమిషంలో నేను నా పిల్లని మళ్లీ ఇంకోసారి తెంపబోయానని మరుక్షణమే అర్థమైంది.

పదకొండూ నావేనని చెబుతానన్నాను. లాయరమ్మ కుర్చీలోంచి లేచింది. "మీకేమైనా మతిపోయిందా? తెలిసి తెలిసీ అబద్ధపు మాట నేను కోర్టులో పెట్టను. అది నా వృత్తికే చేటు" అంది. "అయితే మీరు రావద్దు. నేనే నిలబడి చెప్పుకుంటాను" అన్నాను. ఆవిడ కాగితాలన్నీ కవర్లో పెట్టి ఇచ్చేసింది. గుమ్మం దాకా వచ్చి, "పిల్లని పోగొట్టుకుంటారు ఐలా" అంది. ఆ మాట ఈ రెండు రోజులుగా చెవుల్లో మోగుతూనే ఉంది. తెల్లారి లేచి కైసా జడ వేస్తుంటే, సెప్టెంబరు తర్వాత ఈ జడ ఎవరు వేస్తారని చేతులు ఆగిపోతున్నాయి.

నిన్న ఒలావి తాత వచ్చి బోర్డులో బిళ్ల బిగించాడు. నిన్నటి కాల్ పూర్తి గంట సాగింది, నేను బయట మంచు ఎత్తిపోస్తూ గడిపాను. కైసా కిందికొచ్చాక ఏమీ అడగలేదు. అది రెండుమూడుసార్లు నా మొహం చూసింది, అడుగుతానేమోనని.

నీ సంతకం వెనక్కి తీసుకో. నా మాటలు నమ్మి మోసపోయానని రాయి, అది నిజమే కదా. కైసావి ఆరన్న సంగతి మాత్రం నీ నోటివెంట ఎవరి దగ్గరా రాకూడదు. మొదటిసారి నీకు తెలియకుండా నీచేత సంతకం పెట్టించాను. ఇప్పుడు తెలిసి నోరు మూసుకోమని అడుగుతున్నాను. రెండోది ఎక్కువ కష్టమని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

పదమూడున కోర్టుకి ఒంటరిగా వెళ్లాలంటే భయంగా ఉంది. వస్తావా?

ఐలా


రెడ్ లేక్
మార్చి 16

ఐలా,

నీకు ఏమీ రాయకూడదని నా లాయరు చెప్పాడు. రాస్తున్నాను. ఇర్య వదిన చేతికి పంపుతున్నాను, ఆవిడ ఇస్తే ఇస్తుంది, చించేస్తే చించేస్తుంది.

గురువారం నువ్వు లాయరు లేకుండా లేచి నిలబడ్డావు. పొయ్యి, ఫేజులు, వంతెన అంటూ నువ్వు చెబుతుంటే జడ్జిగారికి సగం అర్థం కాలేదు. చివరికి ఆయన కళ్లద్దాలు తీసి, "పదకొండూ మీరేనా?" అని అడిగాడు. "పదకొండూ నేనే" అన్నావు. మా లాయరు బల్ల కింద నా మోకాలు తట్టాడు, గెలిచామని. నేను మోకాలు పక్కకి తీసేశాను.

ఎందుకో చెబుతాను. ఫిబ్రవరి తొమ్మిదిన, బొమ్మ ఆగిపోయే ముందు, కైసా చెయ్యి గోడవైపు చాచడం నేను చూశాను. నేను అడిగిన మాట ఇంకా నా నోట్లోనే ఉంది. దాని మొహం పక్కకి తిరిగి ఉంది, కళ్లు మూసుకుని ఉంది, మందు మింగేటప్పుడు మూసుకుంటుందే, అలా. ఆ కాల్ నువ్వు తెంపలేదని నాకు ఆ క్షణమే తెలుసు. తెలిసే ఆ తేదీని నీ మీద రాశాను. నా కూతురు నా మాట వినలేక తీగ పీకేసుకుందని రాసుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. నీ పేరు రాయడానికి బాగానే వచ్చింది. నేను అబద్ధం ఆడే మనిషిని కాదని వదిన ఇప్పటికీ అందరితో అంటుందట. చెప్పు ఆవిడకి.

మిగతా తేదీల్లో ఎన్ని దానివో నాకు తెలియదు. నీకు తెలుసు. తెలిసి కోర్టులో అందరి ముందూ నిలబడి నీ నెత్తిన వేసుకున్నావు. ఎన్నో నాకు చెప్పకు.

తీర్పుకి రెండు వారాలు పడుతుందన్నారు కదా. నేను ఆగలేదు. శుక్రవారం పొద్దున్నే వెళ్లి పిటిషన్ వెనక్కి తీసుకుంటున్నానని సంతకం పెట్టాను. మా లాయరు పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. కైసా నీ దగ్గరే ఉంటుంది. ఎండాకాలం సెలవుల్లో రావాలనుంటే వస్తుంది.

నా కోపం చల్లారిందని మాత్రం అనుకోకు. నువ్వు తెంపినవి నువ్వు తెంపావు. ఆర్పినప్పుడు నీ దగ్గర ఏం జరిగేదో నువ్వు చెప్పావు, నా దగ్గర ఏం జరిగేదో విను. అది నవ్వుతున్నది నవ్వుతున్నట్టే తెరమీద ఆగిపోయేది. నోరు తెరుచుకుని, ముందు పళ్ల సందు కనపడుతూ. మాట ఉండదు, కదలిక ఉండదు. పోయిందని తెలిసి కూడా తెర దానంతటది నల్లబడేదాకా చూస్తూ కూర్చునేవాణ్ని. దీన్ని నేను మర్చిపోవడానికి చాలాకాలం పడుతుంది. నువ్వు క్షమించమని అడగలేదు, అది నయం.

ఇకనుంచి బుధవారం, ఆదివారం నేను కాల్ చెయ్యను. నాలుగింటికి కంప్యూటర్ ముందు కూర్చుని మాత్రం ఉంటాను, ఐదు దాకా. బుద్ధిపుడితే దాన్నే పిలవమను. మధ్యలో విసుగేస్తే పెట్టెయ్యమను. ఒక వారం పిలవకపోతే ఎందుకు పిలవలేదని నేను అడగను.

నువ్వూ అడగకు.

గార్త్